కత్తి గుర్తు

పీటర్ బోస్మా పెట్టెని బయటికి తియ్యలేదు. జిప్‌లాక్ సంచీలో ఉన్నదాన్ని ఉన్నట్టే బల్ల మీద ఉజ్వల వైపు జరిపాడు. సంచీ మీద నల్ల మార్కర్‌తో తారీఖు రాసుంది.

"లిస్ట్‌లో ఉన్నది ఇదేనా, కాదా? నాకు తెలియాల్సింది అంతే," అన్నాడు.

ఉజ్వల పదకొండేళ్ళుగా ఆ ఆక్షన్ హౌస్‌లో వెండి సామాను చూస్తోంది. డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట్లో పెద్దవాళ్ళు పోయినా, వాళ్ళ చెంచాలూ పళ్ళేలూ టీ కూజాలూ చివరికి ఆమె బల్ల మీదికి వస్తాయి. వస్తువుని సంచీలో పెట్టి, తారీఖు వేసి, పోలీసులకి అప్పజెప్పేటట్టు తెచ్చినవాణ్ణి ఆమె ఇంతవరకూ చూడలేదు.

పీటర్‌కి అరవై దాటి ఉంటాయి. ఇళ్ళకి పైకప్పులు వేసే కంపెనీ నడుపుతాడు. పక్కన బ్లేజర్ వేసుకుని కూర్చున్నతను గోపాల్. ముసలివాళ్ళ ఇళ్ళకి ఆయాల్ని పంపే హోమ్‌కేర్ ఏజెన్సీ అతనిది. వాళ్ళిద్దరికీ దూరంగా, కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని, ఒడిలో హ్యాండ్‌బ్యాగుని రెండు చేతులతో పట్టుకుని ఒకావిడ కూర్చుంది. వయసు యాభై ఏడో, యాభై ఎనిమిదో. బూడిదరంగు స్వెటర్ మోచేతుల దగ్గర ఉండలు కట్టింది. ఆవిడ ఛాయాదేవి.

సంగతంతా గోపాల్ చెప్పాడు. పీటర్ తల్లి విల్‌హెల్మినా బోస్మా తొంభై ఒకటో ఏట మూడు వారాల క్రితం పోయింది. రెండేళ్ళపాటు ఆమెని చూసుకున్నది ఛాయాదేవి. ఇల్లు ఖాళీ చేస్తుంటే ఇన్సూరెన్స్ లిస్టులో ఉన్న వెండిపెట్టె కనబడలేదు. అడిగితే ఛాయాదేవే ఇంటికెళ్ళి తెచ్చి చూపించింది. మీ అమ్మగారే నాకిచ్చారు అంది. పీటర్ నమ్మలేదు.

"పోలీస్ కంప్లెయింట్ ఇస్తానన్నారు. రెండు రోజులు ఆగమని నేనే రిక్వెస్ట్ చేశాను," అన్నాడు గోపాల్. "ఇది లిస్టులోది కాకుండా వేరే ఏదో చిన్న వస్తువైతే సార్ వదిలేస్తానన్నారు. అదేనని తేలితే మాత్రం..." మిగతాది అనకుండా టై సర్దుకున్నాడు.

పీటర్ ఒక కాగితం తీసి ఇచ్చాడు. 1987లో ఇన్సూరెన్స్ కోసం విలువ కట్టిన అప్రైజర్ ఎవరో టైపు చేసిన లిస్టు. ఏడో వరసలో ఉంది: 'వెండి పెళ్ళిపెట్టె, డచ్చి, ఫ్రీస్‌లాండ్, సుమారు 1740'. పక్కనే పిన్ను కొట్టిన నలుపు తెలుపు ఫోటో. ఎదురుగా రాసిన విలువ చూసి ఉజ్వల కనుబొమలు పైకి లేచాయి.

ఆమె చేతితొడుగులు వేసుకుని సంచీ విప్పింది. పెట్టె అరచేతిలో ఇమిడిపోయింది. కింద నాలుగు గుండ్రటి కాళ్ళు, పైన బోర్లించిన పడవలాంటి మూత, పక్కల మీద పువ్వులూ పక్షులూ. మూత తెరిస్తే లోపల ఖాళీ.

"మీరు తెలుగువారాండీ?" అంది ఛాయాదేవి ఉన్నట్టుండి, ఉజ్వల బ్యాడ్జి మీది పేరు చూసి. గొంతులో ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చినట్టయింది. "అమ్మా, దాంట్లో మీనమ్మ, అదే ఈయనగారి అమ్మ, చెవి మిషను బ్యాటరీలు వేసుకునేదండీ. ఫిబ్రవరిలో అవన్నీ తీసేసి, శుభ్రంగా తుడిచి ఇచ్చింది. నేను..."

"ఆవిడేమంటోంది?" అన్నాడు పీటర్. "ఇదేం బాగాలేదు. నాకు అర్థం కాని భాషలో ఇక్కడ ఎవరూ మాట్లాడుకోకూడదు."

గదిలో అందరూ ఉజ్వల వైపు చూశారు. గాజు తలుపు అవతల నిలబడ్డ ఆమె బాస్ డోనా కూడా.

"నేను తెలుగే," అంది ఉజ్వల ఇంగ్లీషులో, ఛాయాదేవి కళ్ళలోకి చూడకుండా. "కానీ ఇక్కడ మనం ఇంగ్లీషులోనే మాట్లాడాలి. సారీ."

ఛాయాదేవి తల ఊపింది. ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పింది. "షీ గివ్. హర్ హ్యాండ్. ఐ టెల్ నో, షీ గివ్." అంతకంటే రాలేదు. బ్యాగు జిప్పు లాగింది, మళ్ళీ వేసింది. లోపల్నించి ఏమీ తియ్యలేదు.

"రిపోర్టు గురువారం ఇస్తాను," అంది ఉజ్వల.

నిజానికి వాళ్ళు లేచి వెళ్ళకముందే ఆమెకి సగం సంగతి తెలిసిపోయింది. ఫోటోలో పెట్టె కుడివైపు వెనక మూల చిన్న సొట్ట ఉంది. చేతిలో ఉన్నదానికీ అక్కడే, అలాగే ఉంది. వేరే పెట్టె కావడానికి వీల్లేదు. ఇది లిస్టులోదే.

*

మధ్యాహ్నం తిండి మాట మర్చిపోయి ఆమె ఆ పెట్టెతోనే కూర్చుంది. దీపాన్ని పక్కకి వంచి, పెట్టె బోర్లించి, కంటికి భూతద్దం ఆనించుకుంది. అడుగున నాలుగు గుర్తులున్నాయి. కిరీటం కింద వెనక కాళ్ళ మీద నిలబడ్డ సింహం, ఊరి గుర్తు, సంవత్సరాన్ని చెప్పే అక్షరం, చేసిన కంసాలి గుర్తు. 1740 నాటి డచ్చి వెండి మీద ఉండవలసినవే. 1987లో ఆ అప్రైజర్ ఇక్కడి దాకా చూసి ఆగిపోయి ఉంటాడు.

ఉజ్వల ఆగలేదు. ఆ నాలుగూ గీత గీసి కొట్టినట్టు ఒకే వరసలో ఉన్నాయి. ఒకే లోతు. ఆ రోజుల్లో కంసాలి తన గుర్తు తన కొట్లో వేసుకునేవాడు. మిగతావి కంసాలుల సంఘంవాళ్ళు వెండి పరీక్షించాక వేసేవారు. వేరువేరు చేతులు, వేరువేరు సుత్తి దెబ్బలు. ఒకటి ఒరుగుతుంది, ఒకటి లోతుగా దిగుతుంది, ఒకటి సగమే పడుతుంది. ఇక్కడ నాలుగూ బళ్ళో పిల్లల్లా చేతులు కట్టుకుని నిలబడ్డాయి.

అది అనుమానం మాత్రమే. అనుమానాన్ని రిపోర్టులో రాయలేదు.

ఆమె మూత తెరిచి అంచు వెంబడి చూసుకుంటూ వచ్చింది. బందు దగ్గర, మూత లోపలి అంచు కింద, ఎన్నాళ్ళనాటిదో పాలిష్ నల్లగా గట్టిపడి ఉంది. టూత్‌పిక్ కొసకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, మెల్లిగా రుద్దింది. దూది నల్లబడింది. ఇంకోటి చుట్టింది. అదీ నల్లబడింది. ఆరోదానికి కింద ఏదో తగిలింది. ఆవగింజలో సగం ఉంటుంది. భూతద్దం దగ్గరికి తెచ్చింది.

కత్తి. నిలువుగా నిలబెట్టిన చిన్న కత్తి.

ఆమె భూతద్దం తుడుచుకుని మళ్ళీ చూసింది. కత్తే.

ఆ కత్తి గుర్తు 1814లో మొదలైంది. కొత్తగా చేసిన చిన్న చిన్న వెండి వస్తువుల మీద డచ్చి సర్కారు వేసిన ముద్ర. పాత వస్తువు మళ్ళీ అమ్మకానికి వస్తే దాని మీద గొడ్డలి గుర్తు వేసేవారు గాని కత్తి వెయ్యరు. అంటే అడుగున ఉన్న నాలుగు గుర్తులూ వేషాలు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడి వర్క్‌షాపుల్లో, పాతవాటి మీద మోజున్నవాళ్ళ కోసం పాతవాటిలా కనబడేటట్టు ఇలాంటివి రాశులుగా చేశారు. లోహం పరీక్షించే మెషిన్ కింద పెడితే వెండిపాలు వెయ్యికి ఎనిమిది వందల ముప్పై మూడు అని చూపించింది. ఆ కత్తికి ఉండవలసిన లెక్కే.

మహా అయితే కొన్ని వందల డాలర్ల వస్తువు. ఆ లిస్టులో రాసిన విలువకి దరిదాపుల్లో కూడా లేదు.

ఒక ఇంటివాళ్ళు తరాలుగా దాచుకున్న వస్తువు నకలని తేలితే ఎప్పుడూ ఆమెకి మనసు చివుక్కుమనేది. ఈసారి సంతోషం కలిగింది. ఈ కాస్త దానికి పీటర్ పోలీసుల దాకా వెళ్ళడు. ఆవిడ గండం గడిచింది.

బుధవారం పొద్దున్న డోనాకి చూపించింది. డోనా కళ్ళజోడు పైకెత్తి, భూతద్దంలోంచి చూసి, ఈల వేసింది.

"బాగా పట్టావు. ఫోటోలు తియ్యి. రెండు పేజీల్లో రాసెయ్యి."

"డోనా, ఆవిడ తీసిందా, ఇస్తే తీసుకుందా అన్నది..."

"అది మన పని కాదు. వస్తువేమిటో చెబుతాం. ఎవరిదో చెప్పం." పెట్టెని ఉజ్వల చేతిలో పెట్టి డోనా లేచింది. "ఇంకో మాట. ఆవిడా నువ్వూ ఒక దేశంవాళ్ళు. రేపెప్పుడైనా ఆ పీటర్ దాన్ని పట్టుకుని రిపోర్టే చెల్లదనగలడు. జాగ్రత్త."

*

ఆ సాయంత్రం ఐదున్నరకి బయటికొచ్చేసరికి సన్నగా మంచువాన పడుతోంది. పార్కింగ్ లాట్‌లో ఉజ్వల కారు పక్కన గొడుగు కూడా లేకుండా ఛాయాదేవి నిలబడి ఉంది. తలకి చుట్టుకున్న శాలువా తడిసి నుదుటికి అంటుకుపోయింది.

"మీరిక్కడికి రాకూడదండీ," అంది ఉజ్వల, చుట్టూ చూస్తూ.

"తెలుసండీ. గోపాల్ గారు కూడా చెప్పారు. రిపోర్టు గురించి ఒక్క ముక్క అడగనమ్మా. నిన్న ఇంగ్లీషులో సగమే చెప్పగలిగాను. మిగతా సగం మీకు చెప్పేసి పోదామని. రెండు బస్సులు మారి వచ్చానండి."

ఉజ్వల ఆఫీసు కిటికీల వైపు చూసింది. డోనా గదిలో లైటు వెలుగుతూనే ఉంది. తాళం చెవి చేతిలో పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. తర్వాత అవతలి తలుపు తీసింది.

"ఎక్కండి. తడిసిపోతున్నారు. ఇంటి దగ్గర దింపుతాను. నేను మాత్రం ఏమీ చెప్పలేను."

"వద్దండీ, మీరేం చెప్పొద్దు."

కారులో ఛాయాదేవి సీటు తడవకుండా శాలువా తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక అపార్ట్‌మెంటు పేరు చెప్పింది. ఉజ్వల పన్నెండో మైల్ రోడ్డు మీదికి తిప్పింది.

"ఆవిడ పేరు నాకు నోరు తిరిగేది కాదండీ. మీన్ అని పిలవమంది. ముందు మీన్ మేడం అనేదాన్ని. పోనుపోను మీనమ్మ అయిపోయింది. అలా పిలిస్తేనే పలికేది." ఛాయాదేవి చిన్నగా నవ్వింది. "మాది పాలకొల్లు దగ్గరండి. వాళ్ళ ఊళ్ళోనూ అన్నీ కాలవలేనట. పాలు పడవ మీద వచ్చేవట. మా ఊళ్ళో కొబ్బరికాయలు వచ్చేవి అని చెప్పాను. అదేంటో ఫోన్‌లో బొమ్మ చూపిస్తే, నువ్వు మా ఊరిదానివే అంది."

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"స్నానం చేయించి తల ఆరబెట్టేటప్పుడు ఆ పెట్టె చేతిలోకి తీసుకునేదండి. మూడొందల ఏళ్ళ నాటిదంట. వాళ్ళ ముత్తవ్వకి ముత్తవ్వదో ఏమో. పెళ్ళికొడుకు దాంట్లో నాణేలు పోసి పిల్లకిస్తాడంట. పిల్ల ఉంచేసుకుంటే సరేనన్నట్టు, తిరిగిచ్చేస్తే కాదన్నట్టు. ఎన్నిసార్లు చెప్పేదో. నేను ప్రతిసారీ అప్పుడే విన్నట్టు, ఉంచుకుందా మరి అని అడిగేదాన్ని. ఉంచుకోకపోతే నేనెలా పుడతానే అనేది."

"ఎప్పుడిచ్చింది మీకు?" ఉజ్వల నోట్లోంచి వచ్చేసింది.

"ఫిబ్రవరిలోనండి. మింగుడు పడ్డం మానేసిన వారం. వద్దు మీనమ్మా, మీ అబ్బాయిగారున్నారు కదా అన్నాను. వాడికి కావలసినవన్నీ గ్యారేజీలో ఉన్నాయిలే అంది." ఛాయాదేవి తన కుడిచెయ్యి చాపి చూసుకుంది. "నా చేతిలో పెట్టి, ఒక్కో వేలూ తనే మడిచింది. ఓపిక లేదు, అయినా మడిచింది. రూలు తెలుసండీ నాకు. పేషెంట్ల దగ్గర ఏమీ తీసుకోకూడదని కాగితం మీద సంతకం పెట్టాను. తెలిసి తెలిసి ఎందుకు తీసుకున్నావంటే ఏం చెప్పను? అంత పాతది, ఇంటివాళ్ళకే గాని పైవాళ్ళకి ఎవరిస్తారమ్మా? నన్ను ఇంటిమనిషి అనుకుందనే గదా?"

ఉజ్వల ఎర్రలైటు దగ్గర ఆగింది. కత్తి గుర్తు కళ్ళ ముందు మెదిలింది. తన రిపోర్టు రేపు ఈవిణ్ణి పోలీసుల నుంచి తప్పిస్తుంది. అంత పాతది తనకిచ్చిందన్న ఈవిడ నమ్మకాన్ని కూడా పట్టుకుపోతుంది. పచ్చలైటు పడిందని వెనక కారు హారన్ కొట్టేదాకా ఆమెకి తెలియలేదు.

అపార్ట్‌మెంటు ముందు దిగుతూ ఛాయాదేవి తలుపు పట్టుకుని వంగింది.

"పెట్టె ఆయన్నే ఉంచుకోమనండమ్మా. నాకక్కర్లేదు. వాళ్ళమ్మ ఇచ్చిందని గోపాల్ గారి ముందు ఒక్క మాట అంటే చాలు. నలభై ఇళ్ళల్లో పనిచేశానండి, ఒక్క చెంచా ఎత్తినదాన్ని కాను."

*

గురువారం పదకొండింటికి మళ్ళీ అదే గది. ఉజ్వల పెట్టెని నల్లగుడ్డ మీద ఉంచి, పెద్దగా చేసిన ఫోటోలు బల్ల మీద పరిచింది. ముందుగా సొట్ట చూపించింది.

"ఇది లిస్టులో ఉన్న పెట్టే. సందేహం లేదు."

పీటర్ వెనక్కి వాలి, చేతులు కట్టుకుని గోపాల్ వైపు చూశాడు. గోపాల్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఛాయాదేవికి ఎంత అర్థమైందో, తలొంచుకుంది.

"కానీ లిస్టులో రాసింది తప్పు," అంది ఉజ్వల. గుర్తులు ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పుకుపోయింది. ఒకే వరస, ఒకే లోతు. మూత కింద కత్తి. వెండిపాలు. "ఇది 1740 నాటిది కాదు. 1900 ప్రాంతంలో పాతదానిలా కనబడేటట్టు చేసింది. ఇలాంటివి మా దగ్గరికి ఏడాదికి ఐదారు వస్తాయి."

పీటర్ ఫోటోని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. మెడ దగ్గర్నించి ఎరుపు పైకి పాకింది. తర్వాత నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు.

"ముప్పై ఏడేళ్ళు దీనికి ఇన్సూరెన్స్ కట్టాం. మా నాన్న ఓవర్‌టైమ్ చేసి కట్టాడు. అంటే ఇదో టూరిస్ట్ బొమ్మన్నమాట." వేలితో పెట్టెని తోశాడు. అది గుడ్డ మీంచి జారి బల్ల మధ్యలో ఆగింది. "ఆవిణ్ణే ఉంచుకోమనండి. ఈ మాత్రం దానికి కంప్లెయింట్ ఎవరిస్తారు?"

"థాంక్యూ సార్, థాంక్యూ వెరీ మచ్," అన్నాడు గోపాల్ లేచి నిలబడి.

ఉజ్వలకి అక్కడితో పని అయిపోయింది. ఫైలు మూసేయాలి. మూయలేదు.

"మిస్టర్ బోస్మా, మీ అమ్మగారే దీన్ని ఆవిడకిచ్చారని మీరు ఒప్పుకుంటున్నారా?"

"నేనెవరి మీదా ఏ ఆరోపణా చెయ్యడం లేదు."

"నేనడిగింది అది కాదండీ."

తలుపు దగ్గర నిలబడ్డ డోనా గొంతు సవరించుకుంది. పీటర్ కోటు తీసుకున్నాడు. "మీరు వెండి చూసే మనిషి. చూశారు. థాంక్స్."

"వదిలెయ్యండి మేడం, బయటపడ్డాం," అన్నాడు గోపాల్ తెలుగులో గబగబా. తర్వాత గొంతు తగ్గించి ఛాయాదేవితో అన్నాడు. "ఛాయమ్మా, కేసు లేదు. దేవుడి దయ. కానీ గిఫ్ట్ తీసుకోవడం పాలసీ వయొలేషన్ కదా, అది ఫైల్లో పడిపోయింది. ఇంకో ఫ్యామిలీ కూడా అడిగారు, పెట్టె గొడవలో ఉన్నావిడేనా మా ఇంటికొచ్చేది అని. కొన్నాళ్ళు నీకు డ్యూటీలు వెయ్యలేను. ఏమీ అనుకోకు."

"కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళండీ?"

గోపాల్ ఫోన్ చూసుకున్నాడు.

ఛాయాదేవి అతన్ని మళ్ళీ అడగలేదు. ఉజ్వల వైపు తిరిగింది. "అమ్మా, ఇది వాళ్ళ ముత్తవ్వ ముత్తవ్వది కాదా?"

ఇంగ్లీషులో చెప్పాలని ఈసారి ఉజ్వలకి గుర్తు రాలేదు. "కాదండీ."

"మీనమ్మకి తెలుసా ఆ సంగతి?"

"తెలిసి ఉండదండీ. పెద్దవాళ్ళు చెప్పిందే నమ్మి ఉంటుంది."

"తెలీకుండానే పోయింది పాపం," అంది ఛాయాదేవి. లేచి నిలబడి, బల్ల మధ్యనున్న పెట్టెని రెండు చేతులతో ఎత్తి, నల్లగుడ్డ మీద తిన్నగా పెట్టింది. పీటర్ ముందుకి ఆ గుడ్డని జరిపింది.

"నాకొద్దండీ. టేక్ సర్."

"అయ్యో, ఇచ్చేస్తున్నాడు కదా, తీసుకో," అన్నాడు గోపాల్.

"అక్కర్లేదు పొమ్మని ఇస్తున్నాడండీ. మీనమ్మ అలా ఇవ్వలేదు."

ఆవిడ ముందు బయటికెళ్ళింది. గోపాల్ ఆవిడ వెనకే వెళ్ళాడు. పీటర్ పెట్టె వైపు చూడకుండానే కోటు గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ తీసుకోని పెట్టెకి చీటీ కట్టి, ఉజ్వల అలమారాలో పెట్టింది.

*

శుక్రవారం మధ్యాహ్నం పీటర్ ఒక్కడే వచ్చాడు. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒరిజినల్ రిపోర్టు కావాలట. రిసెప్షన్‌లో నిలబడే సంతకం పెట్టి కాగితాలు తీసుకున్నాడు. పోలేదు. కవరు అంచుని బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు. పైకప్పులు ఎక్కీ ఎక్కీ కాయలు కాసిన చేతులు.

"ఆ ఆయా ఏమైంది?"

"ఉద్యోగం పోయింది."

అతను కవరుని చంకలో పెట్టుకున్నాడు. "ఫిబ్రవరిలో అమ్మ నాకు ఫోన్ చేసింది. 'ఐ గేవ్ ది బాక్స్ టు ఛాయా. డోంట్ గో లుకింగ్ ఫర్ ఇట్' అంది."

ఉజ్వల చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"మీకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు."

"ఆమెకి తొంభై ఒకటి. మందుల మత్తులో ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియదనుకున్నాను. అంత విలువైన వస్తువు ఎవరో ఆయాకి పోనిస్తారా? మీరైతే పోనిస్తారా?" అతని గొంతు కొంచెం పెరిగి మళ్ళీ తగ్గింది. "ఇప్పుడు చూస్తే దానికి విలువే లేదు."

"ఆ మాటే గోపాల్‌కి ఒక ఈమెయిల్ రాయండి. రెండు లైన్లు చాలు. లేదా నన్ను రిపోర్టులో చేర్చనివ్వండి. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాయడం మా పనిలో భాగమే."

పీటర్ ఆమెని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "తెలిసీ దొంగ అన్నానని నా సంతకంతో రాసివ్వమంటారా? రేపావిడ లాయర్ని పెట్టుకుంటే?" తల అడ్డంగా ఊపాడు. "మీతో అన్నాను, అంతే. ఎవరితోనో ఒకరితో అనాలనిపించింది."

అతను వెళ్ళాక ఉజ్వల తిన్నగా డోనా గదిలోకి వెళ్ళింది. డోనా అంతా విని, కుర్చీలో వెనక్కి జరిగి, నుదురు రుద్దుకుంది.

"దుర్మార్గుడు," అంది. "కానీ రిపోర్టు క్లయింటుది. క్లయింటు ఒప్పుకోకుండా అక్షరం చేర్చలేం. నీ పేరుతో విడిగా ఉత్తరం రాస్తానంటావేమో, అదీ కుదరదు. క్లయింటు ఇక్కడ అన్న మాట బయట పెట్టామంటే రేపు మన దగ్గరికి ఎవరొస్తారు?"

ఉజ్వల గోపాల్‌కి ఫోన్ చేసింది. అతను డ్రైవ్ చేస్తున్నట్టున్నాడు, ఇండికేటర్ చప్పుడు వినిపిస్తోంది.

"ఆయనే అన్నాడా? అయ్యయ్యో. నాకు ముందే తెలుసు మేడం, ఛాయమ్మ అలాంటిది కాదు. కానీ రైటింగ్‌లో ఏదీ? స్టేట్ ఆడిట్‌కి వస్తే ఏం చూపించను? ఆ ఇంకో ఫ్యామిలీకి ఏం చెప్పను, ఫలానా మేడం ఫోన్ చేశారనా? ఒక కాగితం ముక్క ఉంటే చూడండి, రేపే డ్యూటీ వేస్తాను."

కాగితం లేదని చెప్పి పెట్టేసింది.

తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. పక్కన ఎవరిదో టీ సెట్టు, ఇరవై నాలుగు చెంచాలు, సోమవారానికి రాయవలసినవి. ఒక చెంచా తీసి వెనక్కి తిప్పింది. సింహం, అక్షరం, ఊరు. చదవగలిగింది. పక్కన పెట్టేసి ఛాయాదేవి నంబరు కొట్టింది.

అవతల వాషింగ్ మెషిన్లు తిరుగుతున్న హోరు. అపార్ట్‌మెంటు లాండ్రీలో ఉన్నట్టుంది.

"ఛాయాదేవి గారూ, నేను ఉజ్వలని. పీటర్ వచ్చాడండీ ఇవాళ. వాళ్ళమ్మగారు ఫిబ్రవరిలోనే ఆయనకి ఫోన్ చేసి చెప్పారట, పెట్టె మీకిచ్చానని."

అవతల మెషిన్ మూత దబ్బున పడింది. 

"చెప్పిందా?" అంది ఛాయాదేవి. "మీనమ్మ చెప్పిందా?"

"చెప్పారండీ."

"గోపాల్ గారితో అన్నాడా ఆ మాట?"

"లేదండీ. నాతోనే అన్నాడు. రాసిమ్మంటే ఇవ్వనన్నాడు. పెట్టె కూడా ఆ రోజే ఇక్కడ వదిలేసి పోయాడు. గోపాల్‌కి నేను ఫోన్ చేశాను. కాగితం ఉంటే తప్ప కుదరదన్నాడు. మా ఆఫీసులో కూడా అడిగాను. నేను..." ఉజ్వల పక్కనున్న చెంచాని బోర్లించింది. "నేనేమీ చెయ్యలేకపోయానండీ."

ఎవరో నాణేలు వేసిన చప్పుడు. ఇంకో మెషిన్ మొదలైంది. ఛాయాదేవి అక్కణ్ణించి నడిచి దూరంగా వచ్చినట్టుంది, హోరు తగ్గింది.

"ఏమందటండీ? ఆవిడన్న మాట అన్నట్టే చెప్పండి. ఇంగ్లీషులోనే చెప్పండి."

"ఐ గేవ్ ది బాక్స్ టు ఛాయా. డోంట్ గో లుకింగ్ ఫర్ ఇట్."

"పేరు పెట్టే అందా?"

"పేరు పెట్టే అన్నారట."

"ఇంకోసారి చెప్పండమ్మా."

ఉజ్వల కుర్చీని గోడ వైపు తిప్పుకుని, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ చెప్పింది. అవతల ఛాయాదేవి ఆ మాటల్ని పాఠం అప్పజెబుతున్నట్టు తన యాసలో వెంట వెంటనే అనుకుంది. చివరి ముక్క రెండుసార్లు అంది.

"డోంట్ గో లుకింగ్. అలాగే అంటుందండీ మీనమ్మ. వినేవాళ్ళకి కోపంగా ఉన్నట్టుంటుంది గానీ, కోపం కాదు." ముక్కు తుడుచుకున్న చప్పుడయింది. "రేపూ ఎల్లుండీ మీకు సెలవేమో. సోమవారం వచ్చి పెట్టె పట్టుకెళ్తానండీ."